పదకొండు నిమిషాలు

బాఖూబాలో నా ఉద్యోగం
పెద్దమనుషుల మాటలు టైపు కొట్టడం.
సయోధ్య సంఘం, రెండో అంతస్తు,
దియాలా నది వైపు ఒక్కటే కిటికీ,
తిరగని ఫ్యాను.

ఈవేళ పన్నెండో ముసాయిదా.
మొదటి వాక్యం మీదే నాలుగు నెలలుగా పంచాయితీ.
"మన సోదరులు" అనాలా, "మనం" అనాలా?
షేక్ దురైద్ ఒక మాట కొట్టేస్తాడు,
సయ్యద్ జవ్వాద్ ఒక కామా పెడతాడు.
చేతులు కట్టుకుని నమాజు చేసేవాళ్ళు ఇటు,
చేతులు వదిలి చేసేవాళ్ళు అటు,
మధ్యలో నా చేతులు
అక్షరాలు తడుముకుంటూ.

నన్నెందుకు పెట్టుకున్నారో నాకు తెలుసు.
సున్నీ ఇంటి పిల్లను, షియా ఇంటి కోడలిని.
ఏ పక్షమూ నన్ను పూర్తిగా నమ్మదు కాబట్టి
ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఫైలులోకి ఎక్కనివి కొన్నున్నాయి.
ఆ పాడు సంవత్సరం
మా తమ్ముడు బక్ర్
జేబుకో గుర్తింపు కార్డుతో తిరిగాడు.
ఒక దాంట్లో అమ్మ పెట్టిన పేరు,
ఇంకో దాంట్లో బతకడానికి పెట్టుకున్న పేరు.
ఏ రోడ్డుకు ఏ జేబో
రోజూ పడుకునే ముందు అప్పజెప్పుకునేవాడు.
ఒక సాయంత్రం
తప్పు జేబులో చెయ్యి పెట్టాడు.

అంతకన్నా రాయలేను,
నిమిషానికి అరవై మాటలు కొట్టేదాన్ని.

వాణ్ణి ఇంటికి తెచ్చింది మా బావగారు ముంతదర్.
నారింజపళ్ళ లారీలో, బుట్టల కింద,
మూడు చెక్‌పోస్టులు దాటించి.
ఆ మరుసటి వారం ఆయన్ని ఇంకెవరో ఆపారు.
ఆయనదీ పేరే కదా.

మా గదిలో రెండు ఫోటోలున్నాయి.
మేకులు నేనే కొట్టాను.

ఈవేళ రంజాను పదహారో రోజు.
మాట తెగలేదు, పొద్దు వాలింది.
కాపలా కుర్రాడు ఖర్జూరాలూ మజ్జిగా తెచ్చి పెట్టాడు.
కిటికీలోంచి మొదటి అజాన్.
షేక్ గారికి పొద్దు కుంకింది.
సయ్యద్ గారికి ఇంకా
తూర్పున ఆ ఎర్రజీర చెరగాలి.
పదకొండు నిమిషాలు.

షేక్ దురైద్ ఖర్జూరం తీసుకున్నాడు.
నోటి దాకా వెళ్ళి చెయ్యి ఆగింది.
ఎదుటి మనిషి పెదాలు
ఎండిన మడిలా బీటలు వారి ఉన్నాయి.
ఖర్జూరాన్ని పిడికిట్లో దాచేశాడు,
దొరికిపోయిన పిల్లాడిలా.

సయ్యద్ జవ్వాద్ చూడనే చూశాడు.
"మీ వేళ అయింది, హాజీ. ఆలస్యం మీకు తప్పు.
నా కోసం మీరు తప్పు చేస్తే
ఆ లెక్క మోసే ఓపిక నాకు లేదు."
అంటూనే ఇంకో ఖర్జూరం తీసి,
గింజ వొలిచి,
బల్ల మీదుగా చెయ్యి చాపాడు.

షేక్ తిన్నాడు.
ఒక్క పండు నమలడానికి చాలాసేపు పట్టింది.
తర్వాత చేతి గడియారం విప్పి
ఇద్దరి మధ్యా పెట్టాడు.
గోడ మీద ఈగ. నదిలో ఎవరిదో మోటారు పడవ.
ఒక్కరూ హదీసు చెప్పలేదు.

నా వేళా అయింది.
కానీ పెళ్ళయిన ఈ పదహారేళ్ళలో
మొదటి అజాన్‌కు నాకెప్పుడూ ఆకలి వేయలేదు.

రెండో అజాన్ లేవగానే
షేక్ తొందరగా మజ్జిగ గ్లాసు ముందుకు తోశాడు.
ఒలికింది.
పన్నెండో ముసాయిదా మీద,
సరిగ్గా మొదటి వాక్యం మీద.

రికార్డులో ఇలా కొట్టాను:
విరామం, పదకొండు నిమిషాలు.
ఒప్పందం కుదరలేదు.
వచ్చే మంగళవారం పదమూడోది.

ఇంటికెళ్ళేసరికి కర్రార్ గిన్నెలు కడుగుతున్నాడు.
నా వాటా సూపు మీద మూత.
మా తబారక్‌కి ఏడేళ్ళు, ఇవాళే మొదటి రోజా.
ఏ అజాన్‌కి తిన్నావే, అన్నాను.
తల వంచుకుంది.

మధ్యాహ్నం మూడింటికట.
గదిలో ఎవరూ లేరని,
ఆ రెండు ఫోటోల కింద నిలబడి.