ఎక్స్‌రే చుక్క

పోయినేడు కొన్న కాగితం నక్షత్రం
మూడు రాత్రులు కూడా నిలవలేదు.
వన్‌టౌన్ గాలికి ఉప్పు చెమట పట్టి
నాలుగో పొద్దుకి బల్బు మీద
తడిసిన పకోడీ పొట్లంలా కూలబడింది.
"ఈయేడు తడవని చుక్క చెయ్యాల," అంది ఎస్తేరు.
ఆరేళ్ళ పిల్ల.
చెయ్యాల అంటే చెయ్యాల్సిందే.

ఇంట్లో తడవనివి ఏమున్నాయని వెతికాం.
పాల కవర్లు. బియ్యం బస్తా.
బీరువా మీద, పాత కేలండర్ల కింద
కేజీహెచ్ పసుప్పచ్చ కవర్లు.
ఇంటిల్లిపాదీ ఎముకలు అందులోనే ఉన్నాయి:
అత్త రూతమ్మ మోకాళ్ళు రెండు,
కోటవీధి మెట్ల మీద జారిన ఎస్తేరు మోచెయ్యి,
సీలా పుట్టిన మరుసటేడు నా నడుం,
ఇంకా వాళ్ళ నాన్న ఛాతీ,
వరసగా, తారీఖులతో సహా, ఏడు.

బ్లీచింగు నీళ్ళలో నానేస్తే
నలుపంతా ఊడొచ్చి గాజులా అవుతుందని
పక్క వాటా వరాలమ్మొదిన చెప్పింది.
నీళ్ళు కలిపాను కూడా.
ఎస్తేరు బకెట్టుకి అడ్డంగా కూచుంది.
"కడిగేస్తే మరి ఎవులిదో ఎలా తెలుస్తాది?"

వెదురు బద్దలు అత్త పాత చేపల గంపవి.
రెండు చుక్కలు కట్టి, కొసకి కొస కలిపి,
మధ్యలో అయిదు పుల్లలు ఎదురెత్తితే
పొట్ట ఉబ్బి నిలబడింది.
మైదా జిగురు ఫిల్ముని పట్టనంది.
మిగిలిన జిగురు సీలా తినేశాడు.
అప్పుడు లేచింది అత్త,
సూది కాల్చి, కన్నాలు పొడిచి,
వలలు బాగుచేసే నైలాన్ దారంతో
కొడుకు పక్కటెముకల్ని
మనవరాలి మోచేతికి కుట్టింది.

ఆయన నులక మంచం మీద కూచుని
చట్రం పట్టుకున్నాడు.
దగ్గొచ్చినప్పుడల్లా చుక్కంతా ఊగింది.
సూది ఆపి, ఊపు తగ్గాక
మళ్ళీ కుట్టుకున్నాం.

చివరి ఫిల్ము వెనక్కి పెడదామనుకున్నాను, గోడవైపుకి.
పోర్టు బొగ్గు యార్డులో పదిహేడేళ్ళు.
నల్లటి దుమ్ము ఫొటోలో తెల్లగా పడుతుందని
డాక్టరమ్మ పెన్ను పెట్టి చూపించినప్పుడు
నేను నమ్మలేదు.
మొదటి ఫిల్ములో రెక్కల వెనక చీకటి
కడిగిన పలకలా ఉంది.
ఆఖరి దాంట్లో ముగ్గు ఒలికినట్టుంది.
ఎస్తేరు దాన్నే ఏరుకుంది, ముందుకి.
ఎందుకే అంటే, "ఇది బావుంది."

ఇరవై నాలుగో తారీఖు సాయంత్రం
బాల్కనీ చువ్వకి వేలాడదీసి స్విచ్చి వేశాం.
అత్త మోకాలు పాలచెట్టు మొదలులా మెరిసింది.
నా నడుం ఎవరూ గుర్తుపట్టలేదు, దేవుడికి స్తోత్రం.
వాళ్ళ నాన్న ఛాతీలో మాత్రం
తెల్లగా పడ్డ చోటల్లా వెలుగు కన్నం చేసుకొచ్చి
చిన్నవీ పెద్దవీ, లెక్కకందకుండా.
సీలా నోరు తెరిచి చూశాడు.
"నాన్న లోపల ఇన్ని సుక్కలున్నాయా?"
ఆయన ఏమీ అనలేదు.
బనీను మీద అరచెయ్యి పెట్టుకుని
కాసేపు అలాగే నిలబడ్డాడు.

అర్ధరాత్రి దాటాక కేరల్సు వాళ్ళొచ్చారు,
డప్పు, గిటారు, ఓ టార్చిలైటు.
పాట మధ్యలో ఒక కుర్రాడు తలెత్తి
ఫిల్ము మూల తెల్లటి అక్షరాలు
కూడబలుక్కుని పైకే చదివేశాడు:
"ఎం. సత్యదాసు... నలభై ఒకటి... మగ."
డప్పు ఆగింది.
పైనుంచి ఈయన, బడిలో హాజరు పలికినట్టు,
"ఉన్నాను!" అన్నాడు.
వీధంతా నవ్వింది.
గులాబి పువ్వుల పళ్ళెం పట్టుకుని
రెండంతస్తులూ తనే దిగాడు.
ఎక్కడానికి చాలాసేపు పట్టిందిలెండి.

జనవరి తొమ్మిదిన చెకప్పు.
పాత ఫిల్ములన్నీ తెమ్మన్నారు.
నేను కత్తెర తీశాను.
ఎస్తేరు మళ్ళీ అడ్డంగా కూచుంది.

అందుకే ఇలా, ఆటోలో,
ఆయన ఒళ్ళో చుక్క, చుక్క మీద తువ్వాలు,
పూర్ణా మార్కెట్ గతుకుల్లో
ఎస్తేరు డ్రైవరు భుజం తట్టి చెబుతోంది:
"నెమ్మదిగా పోనీ అంకుల్,
ఇందులో అందరం ఉన్నాం."