ఒక్క వరసకే తాళం

ట్రంకు రోడ్డు మీద, మందుల షాపు పైన మా ఆఫీసు.
సాయంత్రం అయిదింటికి రొయ్య రేటు పడుతుంది.
ముప్పై కౌంటు ఎంత? నూరు కౌంటు ఎంత?
విడవలూరు నించి తూపిలిపాళెం దాకా
గట్ల మీద ఫోన్లన్నీ ఒక్కసారే తలుపు తడతాయి.
తెర తెల్లబోతుంది.

"పట్టికల కాలం చెల్లిందబ్బా,
ఈ డేటాబేసు పీకేసి కొత్తది పెడదాం" అంటాడు జిలానీ.
నాకు నిద్ర రాదు.

రాత్రి రెండింటికి చూద్దును గదా,
ఒక్క రైతు పేరు కోసం
నాలుగు లక్షల వరసలు మొదట్నించీ చదవతా ఉండాది పాపం.
ఆపైన, ఒక్క గుంట బుకింగుకి
పట్టిక మొత్తానికీ తాళం వేసింది నేనే.

రొట్టెల పండగ గుర్తొచ్చింది.
మోకాటి నీళ్ళలో అంత జనం.
రొట్టె మారేటప్పుడు చెరువంతా ఆగదు.
ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి, అంతే.
సగం దారిలో ఏ రొట్టే మిగిలిపోదు.

ఇండెక్సు కట్టాను. తాళం చిన్నది చేశాను.
రేటు చదివేవాళ్ళకి మూడు నకళ్ళు,
ఒక గుక్క వెనకైనా సర్దుకుంటారు;
రాసే కలం మాత్రం ఒక్కటే.

అయిదూ ఒక నిమిషం. తెర నిలబడింది.
"ఎన్నాళ్ళు?" అన్నాడు జిలానీ.
వచ్చే పంటకి చూద్దామన్నాను.

ఆ రోజు రేటు
కిలోకి పది తగ్గింది.
అందరికీ ఒకేసారి తెలిసింది.