హాజరు పట్టీలో తొమ్మిది రోజులు

మా దీవికి ఒక రుతువు ఎక్కువ,
ఏ క్యాలెండరులోనూ దానికి గడి లేదు.
సముద్రం గడ్డకట్టీ కట్టనట్టుంటుంది.
పడవ తోస్తే పగలదు,
కాలు పెడితే ఆగదు.
మెన్‌ఫోరె అంటారు మావాళ్ళు.
ముసలాళ్ళు ఆ పేరూ ఎత్తరు,
కిటికీలోంచి చూసి "వచ్చేసింది" అంటారు,
కాఫీపొడి డబ్బా మూత తీసి ఎంతుందో చూసుకుంటారు.

ఆ ఏడాది మార్చి పదకొండున వచ్చింది.
టీచరు రాగ్‌హిల్డ్ పంటినొప్పని
శనివారం అవతలి ఒడ్డుకి వెళ్ళి
ఇటు రాలేక చిక్కుకుంది.
ఫోన్లో, వాచిన బుగ్గతో, ఒకటే మాట:
"దాగ్నీ, బడి మూయకు."

నేను బడి వంటమనిషిని.
గురువారం బఠానీ సూపు, దాని వెనకే పాన్‌కేకులు,
మిగతా రోజులు హెర్రింగ్ చేప, బంగాళాదుంప,
మళ్ళీ హెర్రింగ్ చేప.
నాకొచ్చిన సబ్జెక్టులు ఇవే.
ఏడో తరగతి దాటలేదు.

పిల్లలు ముగ్గురు.
మూడు కొక్కేలకి మూడు కోట్లు,
పొయ్యి పక్కన మూడు జతల తడి బూట్లు.
నాలుగో కొక్కెం ఖాళీ.
ఎన్నిసార్లు గోడకి రంగు వేసినా
దాన్ని మాత్రం ఎవరూ పీకరు.

మొదటిరోజు టీచరు పుస్తకమే తెరిచాను.
దేశపు నదులు, పైనుంచి కిందికి:
తోర్నె, కాలిక్స్, లూలె, పీతె...
అక్కడ ఫోల్కె చెయ్యెత్తాడు.
"మన దీవిలో చిన్న ఏరు కూడా లేదు కదా.
మనకెందుకు దాగ్నీ ఇవన్నీ?"
నా దగ్గర జవాబు లేదు.
అప్పుడే పొయ్యి మీద పాలు పొంగాయి,
బతికిపోయాను.

మూడోరోజు పుస్తకం మూసి
కోట్లు తొడిగించి రేవుకి నడిపించాను.
మా నాన్న వాడిన ఇనపమొన కర్ర తీసి
"ఇవాళ్టికి ఇదీ పలక" అన్నాను.

నల్లగా, అద్దంలా ఉంటే నమ్మొచ్చు, సగం.
బూడిదరంగుకి తిరిగిందా, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి.
పైన మంచు కప్పుకుని తెల్లగా నవ్వేదాన్ని
అసలు నమ్మొద్దు.
రెల్లు పక్కన పలచన. రేవు గుంజల పక్కన పలచన.
కర్రతో పొడువు. ఒక్క పోటుకే నీళ్ళు చిమ్మాయంటే
నువ్వక్కడ ఉండకూడదు.
చెవి పెట్టు. బొంగురుగా మూలిగితే మందం,
సన్నగా కూస్తే దానికి నీ బరువు తెలిసిపోయిందని.

తూవా రేవు అంచున బోర్లా పడుకుని విని
"కింద గదిలో ఎవరో కుర్చీ జరుపుతున్నారు" అంది.
యాభై ఏళ్ళుగా వింటున్నాను,
నాకెప్పుడూ తట్టలేదా మాట.

నాలుగోరోజు, అయిదోరోజు వాన.
తరగతి గది నేలే సముద్రం చేశాం.
మెడలో వేలాడే రెండు మేకులు చేతపట్టి
చాప అంచున గుచ్చి, పొట్ట మీద పాకి,
బల్లకిందనుంచి పైకి, మళ్ళీ, మళ్ళీ.
సిక్‌స్టెన్ లాగు చిరిగింది.
కుడుతుంటే అడిగాడు: "నీకెవరు నేర్పారు ఇదంతా?"

అల్గోత్, అన్నాను. మా అన్న.
ఈ బడే. అన్నిట్లో మొదటివాడు.
నదుల్ని కిందనుంచి పైకి కూడా
గుక్కతిప్పకుండా చెప్పేవాడు.
పదకొండో ఏట
ఒక్క లెక్క తప్పాడు.

దారం కొరికాను.
ఎవరూ ఏమీ అనలేదు.
ఆ సాయంత్రం ఇంటికెళ్ళే దారిలో ఫోల్కె
అడగకుండానే, బూట్లతో బురద తన్నుకుంటూ,
తోర్నె, కాలిక్స్, అని మొదలుపెట్టి
ఊమె దగ్గర మర్చిపోయి
మళ్ళీ తోర్నె నుంచి.

తొమ్మిదోరోజు గాలిపడవ గోలగోలగా వచ్చింది.
టపా సంచులు, ఈస్టు పొట్లాలు, పిల్లికి మందు,
చివరగా రాగ్‌హిల్డ్, ఒక పన్ను తక్కువగా.
కోటు విప్పకుండానే హాజరు పట్టీ తెరిచింది.
"నేర్పిన పాఠం" అన్న గడుల్లో
మొదటి రెండింట్లో నదులు.
మిగతా ఏడు కలిపి
పెన్సిల్‌తో ఒక్క మాటే రాశాను:
ఎక్కడ ఆగాలో.

ఎర్రసిరా పెన్ను తీసింది.
నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.
ఒక అక్షరం తప్పు రాశానట, దిద్దింది.
మాట అలాగే ఉంచి
కింద సంతకం చేసి,
వంటింటి వైపు చూసి
"సూపేమైనా మిగిలిందా?" అంది.