కారణం గడి

రిజిస్టరులో నాలుగు గడులు:
పేరు, టైము, వేలిముద్ర, కారణం.
మొదటి మూడూ వాళ్లవి.
నాలుగోది నాది.

పలాస జీడి కార్ఖానా, రెండో నంబరు షెడ్డు.
ఏడున్నరకి బెల్లు.
ఏడూ ముప్పై అయిదుకి చిన్న గేటు మూయించి
నేను పెన్ను మూత తీస్తాను.

తవిటమ్మ, ఏడూ నలభై, బద్ధకం.
ఢిల్లెమ్మ, ఏడూ యాభై, లెక్కలేనితనం.
గున్నమ్మ, ఎనిమిది, ఎప్పుడూ ఇంతే.

మూడేళ్ల నించి నా చేతిరాత
ఒక్క కొట్టివేత లేకుండా సాగింది.
సూపర్‌వైజరు పని నాకిచ్చింది అందుకే అనుకుంటాను.
పప్పు పళ్లెంలో పడకముందే చెప్పేస్తాను
గుండో, బద్దో, ముక్కో, నూకో.
ముట్టుకోనక్కర్లేదు.
మనుషుల్ని కూడా ముట్టుకోకుండానే ఏరుతున్నానని
అప్పటికింకా తెలీదు.

ముప్పై నాలుగో ఏట దూరవిద్య బి.ఏ. కట్టాను.
సైకాలజీ ఎందుకు తీసుకున్నానంటే
ఆ పుస్తకం మిగతావాటికంటే సన్నం.
మూడో పాఠం చదివింది టిఫిను డబ్బా పక్కన,
ఆవకాయ మరక ఇప్పటికీ ఉంది పేజీ మీద.
ఎదుటివాడు జారిపడితే వాడికి నడక రాదంటాం,
మనం జారిపడితే నేల తడిగా ఉందంటాం.
పుస్తకంలో ఇలా లేదు.
ఏదో నోరు తిరగని పేరు పెట్టి
రెండు మార్కుల ప్రశ్న అన్నారు.
గుర్తుండడానికి నేనే ఇలా మార్చుకున్నాను.
రెండు మార్కులూ వచ్చే ఉంటాయి.

శ్రావణంలో ఒక మంగళవారం
కాశీబుగ్గ దగ్గర రైలు గేటు పడింది.
బొగ్గు గూడ్సు. యాభై ఎనిమిది బోగీలు లెక్కపెట్టాను.
అది పోయినా గేటు లేవలేదు,
అటునించి ఇంకోటి.
షేరాటోలో నా పక్కన చేపల బుట్ట,
నీళ్లు కారి నా కుచ్చిళ్లన్నీ తడి.
ఏడూ నలభై ఎనిమిదికి షెడ్డులోకొచ్చి
నా పేరు నేనే రాసుకున్నాను:
గేటు పడింది, గూడ్సు, రెండు బళ్లు, పైన వాన.
గడి చాల్లేదు.
అక్షరాలు గీత దాటి
పైనున్న తవిటమ్మ గడిలోకి పాకాయి.
ఆ గడిలో ఒకటే మాట.
ఇంకా బోలెడు చోటుంది.

తవిటమ్మ ఇల్లు కూడా గేటుకి అవతలే.

వెనక్కి తిప్పాను.
జులై, జూన్, ఎండలు, పెళ్లిళ్లు, కిందటేడు తుఫాను.
నా పేరున్న చోటల్లా బస్సూ, జ్వరమూ, కరెంటూ,
ఒకచోట మా పాప బూటు తాడు కూడా.
వాళ్ల పేర్లున్న చోట
పొగరు, మతిమరుపు, బద్ధకం, బద్ధకం.
మూడేళ్లలో ఆ షెడ్డులో
నాది తప్ప ఇంకెవరి బస్సూ తప్పిపోలేదు.
నా పిల్లకి తప్ప
ఏ పిల్లకీ ఒళ్లు కాగలేదు.
తుఫాను రోజున కూడా ఢిల్లెమ్మకి లెక్కలేనితనమే.

శుక్రవారం మళ్లీ తవిటమ్మ, ఏడూ నలభై అయిదు.
పెన్ను పక్కన పెట్టాను.
"ఏమయింది తవిటమ్మా?"
అడగడం అదే మొదలు.
గేటంటుందో, కుళాయంటుందో, కోడలి పురుడంటుందో,
ఏదన్నా పొడుగ్గా రాద్దామని
ఎంతో దయగా కూర్చున్నాను.

"ఏటీ నేదమ్మా. నిద్దరట్టీసినాది."

జీడి సొనకి నల్లబడ్డ అరచెయ్యి
నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.
వెనకాల గున్నమ్మ కూడా.
తెచ్చుకున్న దయని ఎక్కడ దాచాలో తెలీక
పుస్తకం సర్దాను, పెన్ను విదిలించాను.

"బద్దకమే రాసీయమ్మా," అంది,
"ఒక్కపాలికైనా నిజం రాసినట్టుంటాది."

బూడిద పళ్లెం అందుకుని
నాలుగడుగులు వేసి ఆగింది.
"మరి నీకెప్పుడూ నిద్దరట్టదేటి?"

పట్టింది.
ఫిబ్రవరి పంతొమ్మిది.
దుప్పటి ముసుగులో, అలారం నొక్కేసి,
హాయిగా ఇరవై నిమిషాలు.
రిజిస్టరులో ఆ రోజు
బస్సు రాలేదని ఉంది.

బస్సు వచ్చింది.