ఎనిమిది సెకన్లు

హాలిఫాక్స్‌లో ఫిబ్రవరి.
గరాజ్ రేకు మీద మంచు కరగకముందే తలుపు ఎత్తుతాను.
పాత పబ్బుల తలుపులు కొనుక్కొచ్చి
గీకి, నునుపు చేసి, రంగు కొట్టి అమ్ముకునేవాళ్ళకి
చెయ్యి కంటే ముందు గాలి కావాలి.

పాత మోటారు ఉన్న రోజుల్లో
నేను స్విచ్ వేస్తే వీధికంతా తెలిసేది.
ఇంటి కరెంటు ఒక్క గుటకలో తాగేది,
మా వంటింటి బల్బు కళ్ళు తేలేసేది,
గోడకవతల మోరీన్ టీవీ రెప్ప వేసేది.
వెంటనే గోడ మీద చెంచాతో
మూడు దెబ్బలు.
నవంబరులో దాని కెపాసిటర్ ఉబ్బి,
మాడిన వెల్లుల్లి వాసనొకటి వదిలి
చల్లబడిపోయింది.

ఈ కొత్త మోటారు కొత్తదేం కాదు.
మూతపడ్డ తివాచీ మిల్లు వెనకాల
డెస్మండ్ అనే ఆయన నలభై పౌండ్లకి ఇచ్చాడు.
నేమ్‌ప్లేటు మీది పెయింటు గోటితో గీకి
"రెండు వోల్టేజీలూ ఉన్నాయి, చూసుకో" అన్నాడు,
సంతలో ఎద్దు పళ్ళు చూపించినట్టు.
మూడు ఇత్తడి పట్టీలు విప్పి
స్టార్‌ని డెల్టా చేశాను.
మా ఇంటికొచ్చేది ఒకటే ఫేజు.
గోడ మీది బూడిదరంగు డబ్బా
ఆ ఒంటిపాయ అందుకుని
మూడుపాయల జడ వేసిస్తుంది.

మొదటి తప్పు నాదే.
ప్రెషర్ స్విచ్‌ని డ్రైవ్‌కీ మోటారుకీ నడుమ కట్టబోయాను.
బ్రాడ్‌ఫర్డ్ నుంచి నాగమల్లి ఫోన్లోనే కసిరింది:
"మాట మధ్యలో నోరు నొక్కుతావా ఎవరికైనా?
డబ్బాకి సైగ చెయ్యి. అదే ఆపుకుంటుంది."
రెండు సన్నటి తీగలు లాగాను,
సైగకి సరిపడేటంత.

రెండోది తొందర.
ఒక్క సెకను పెట్టాను.
పిస్టన్ నెత్తిన నిన్నటి గాలి ఇంకా కూచునే ఉంది.
బెల్టు ఒక మూలుగు మూలిగింది,
తెర మీద ఎర్రగా ఓవర్‌కరెంట్.
సరే, నిదానమే ప్రధానం అనుకుని
ముప్ఫై పెట్టాను.
నిద్రలో పక్కకి ఒత్తిగిలినట్టు కదిలింది మోటారు,
ఎంత మెత్తగానంటే
నాకే గర్వమేసింది.

లోపల సంగతి వేరు.
క్రాంక్‌కి వేలాడే చిన్న గరిటె
నూనెను పైకి చిమ్మాలంటే విసురు కావాలి.
నెమ్మదిగా తిరిగితే మునిగి లేస్తుంది, అంతే.
పైనున్న బేరింగుకి చుక్క అందదు.
బయటికేమీ తెలియదు,
చప్పుడు కూడా హాయిగానే ఉంటుంది.
ఎండిపోవడం అలాగే మొదలవుతుంది.

ఆలస్యం అమృతం విషం అన్నదీ మనవాళ్ళే.
ఈ రెండు సామెతలూ ఇన్నేళ్ళు
ఒకే నోట్లో ఎలా కాపురం చేశాయో గానీ
ఇవాళ నా డబ్బా ముందు చేరి
ఒక్క అంకె కోసం తగువు పడ్డాయి.

మధ్యాహ్నమంతా అదే పని.
ఆగిన ప్రతిసారీ నెత్తి మీది గాలిని
ఉస్సుమని వదిలేసే వాల్వు ఒకటి మార్చాను.
పన్నెండు.
పది.
ఆరు, మళ్ళీ ఎరుపు.
ఎనిమిది.
ముప్ఫై హెర్ట్జ్ కింద దాటు గానీ నిలవకు అని
ఒక హద్దు గీశాను.
ఆగేటప్పుడు బ్రేకు వద్దు,
తనంతట తాను ఆగనీ.

ఎనిమిది సెకన్లంటే
చీకట్లో చెప్పులు వెతుక్కుని తొడుక్కునేంత.
ముందు గొణుగుడు, ఆ మీద దగ్గు,
తర్వాత ఒకటే శ్రుతి.
ముల్లు సున్నాని వదిలి నడిచింది,
ఇరవై, యాభై, తొంభై.
వంటింటి బల్బు వైపు చూశాను.
రెప్ప వెయ్యలేదు.
గోడకి చెవి ఆనించాను.
చెంచా రాలేదు.

అలవాటైన దెబ్బ పడకపోతే
అవతలివాళ్ళకేదో అయినట్టుంటుంది.
నూట ఇరవై దగ్గర స్విచ్ సైగ చేసింది,
మోటారు నిమ్మళించింది,
వాల్వు ఉస్సుమంది.
తలుపు దగ్గర మోరీన్.
చేతుల్లో తోటబండి,
దాని చక్రం నేలకి అతుక్కుపోయి ఉంది.
"బల్బు ఆడలేదు. పోయావేమో అనుకున్నా" అంది.
కాసేపు డబ్బానీ నన్నూ మార్చి మార్చి చూసి,
చక్రాన్ని కాలితో తట్టి,
"కొంచెం గాలి ఉందా?"