గుర్రాల చందా పుస్తకం

పోర్టులో ముప్పయ్యేళ్ళు
ఓడల బరువులు రాసిన చెయ్యి నాది.
ఇప్పుడు పిల్లల రూళ్ళ నోట్‌బుక్కులో
తవుడు లెక్క రాస్తోంది.

పిట్ట పేరు పెట్టుకుని వచ్చిందా గాలి,
ఆదివారం పొద్దున్న.
సాయంత్రానికి జోడుగుళ్ళపాలెం పక్కన
గురువులు గారి గుర్రాల బడిలో
నాలుగు గుంజలు మిగిలాయి.
ఒక నీళ్ళ తొట్టి, దాన్నిండా ఉప్పునీళ్ళు.
పైకప్పు రేకులు ఎక్కడున్నాయో సముద్రాన్నే అడగాలి.

ఐదింటిలో నాలుగు దొరికాయి.
రెండు హైవే మీద, కూలిన హోర్డింగు చాటున.
ఒకటి డెయిరీ ఫారం దగ్గర, మోకాలు చీరుకుని.
గవ్వ మూడో రోజున
జూ గేటు ముందు నిలబడి ఉంది,
తనకీ ఓ బోను ఇప్పించమన్నట్టు.
సిపాయి దొరకలేదు.
వాడి కళ్ళెం మాత్రం ఇసకలో దొరికింది.
గురువులు గారు దాన్ని తుడిచి, నూనె రాసి,
తగిలించడానికి గోడ లేదు కనక
మెడలో వేసుకు తిరిగారు.

చందా అడుగుదామన్నది నేనే.
మొదటి గుమ్మం రేషన్ డీలర్ సన్యాసప్పడిది.
"మనుసులకే కప్పుల్లేవు,
గుర్రాలకేటి బాబూ!"
కైలాసగిరి ఒక్క ఆకు లేకుండా
దువ్వెన పళ్ళలా నిలబడి ఉంది.
వీధి పొడుగునా చెట్ల వేళ్ళు ఆకాశం చూస్తున్నాయి.
అతనన్నది నిజమే కదా అనుకుంటూ
మెట్లు దిగాను.

జవాబు గుర్రాలే చెప్పాయని రాస్తే బాగుంటుంది గానీ,
వాటికేం తెలుసు.
కరెంటు లేని ఎనిమిది రోజులు
ట్యాంకరు ఎక్కలేని కొండవాలు కాలనీకి
అటో క్యాను ఇటో క్యాను కట్టించుకుని
పడిన కొమ్మల మధ్య కాళ్ళు వెతుక్కుంటూ
ఎక్కాయి, దిగాయి, మళ్ళీ ఎక్కాయి.
స్వారీకొచ్చే పిల్లలే పగ్గాలు పట్టారు.
సన్యాసప్పడింటికీ రెండు క్యాన్లు వెళ్ళాయి.
అతని పేరు ఎదురుగా ఇవాళ్టికీ ఖాళీయే.

నాలబందు ఖాదర్ వలీ: నాడాలు పదహారు. కూలి పుచ్చుకోలేదు.
ఆనందపురం నుంచి ఆటోడు గడ్డి. సగం తడి.
ఇంజనీరింగు కుర్రాళ్ళు: ఏడువందల నలభై, అన్నీ చిల్లర.
గరికిన పోలమ్మ, పడవ పోయిన మనిషి,
గంపెడు ఎండు నెత్తళ్ళు తెచ్చి
నా ముందు దించింది.
"గుర్రం చేపలు తినదు తల్లీ."
"ఇయి అమ్మీసి, అదేటి తింటాదో అది కొనండి.
లెక్కలు రాసినోడివి, ఆ మాత్రం తెల్దేటి!"
పూర్ణా మార్కెట్లో ఆరువందల యాభై పలికింది.
తవుడు బస్తాకి వారం దాకా చేపల వాసన.
గవ్వ ముందు మూతి తిప్పుకుంది. తర్వాత తినేసింది.

కొత్త రేకులు వేశాం. గుర్రాలు లోపలికి రామన్నాయి.
గాలికి రేకు టపటపమంటే చాలు
గవ్వ చర్మం చెరువులా వణికేది.
ఓ రాత్రి టార్చి వేసి చూస్తే
గడ్డి మీద దాని పక్కనే నూకరత్నం.
"ఏం చేస్తున్నావే ఇక్కడ?"
"ఏటీ లేదు తాతా.
దానికి ఇనబడేలాగ ఊపిరి తీస్తన్నాను."

ఏ గడిలో రాయను దీన్ని?
నగదు కాదు, సరుకు కాదు.
ముప్పయ్యేళ్ళ సర్వీసులో మొదటిసారి
గీత దాటి, మార్జిన్‌లో రాశాను:
నూకరత్నం, ఆరో తరగతి. నాలుగు రాత్రులు.

నిన్న బడి తెరిచాం. బోర్డింకా రాలేదు.
గురువులు గారు మెడలోంచి కళ్ళెం తీసి
గోడ వైపు చూశారు.
మేకు ఒకటి, జమ నాది.

ఐదో గడిలో కూడా
ఎవరో గడ్డి పరిచి ఉంచారు.
దాని లెక్క నేనడగలేదు.