పదును

సగం గ్రే.
గడ్డ మీద ముప్పై రోజులు కుమ్మరించేదాంట్లోంచి
చెంచాడు తీసి, ఆ చెంచా కూడా విదిలించేశాక
అంచున మిగిలే తడి.
ఆరు విడతలు, వారానికి రెండు.

ఎలుకల్లో బాగుందట.
కొందరు మనుషులకి కొన్నాళ్లు బాగున్నట్టుందట.
తర్వాత?
డాక్టరమ్మ కళ్లద్దాలు తుడుచుకుంది.
"తెలీదనే రాశాం కదా కాగితంలో,
చదివి వినిపించు."

వినిపించాను.
కింద తిరుపతి వీధిలో బోడిగుండ్ల కుటుంబం ఒకటి
నెత్తిన చందనం ఆరకముందే
చెరుకురసం బండి చుట్టూ మూగింది.

పెనుమూరు మొదటి బస్సుకి వచ్చారు ఇద్దరూ.
మునిరత్నమ్మ, డెబ్బై ఒకటి,
నలభై ఏళ్లు బెల్లం పొయ్యి పొగలో నిలబడ్డ మనిషి.
వేలిముద్ర వేసింది తోడికోడలు సుగుణమ్మ.

"మా ఇద్దరికీ మాటల్లేవు సార్, పంతొమ్మిదేండ్లు.
బాయికాడ మోటారు వంతు.
నా మొగుడు పోయిన పొద్దు కూడా గడప తొక్కలా.
పోయినేడు ఒక మధ్యాన్నం నేరుగా వచ్చి
నా వంటింట్లో పీట వాల్చుకొని
అన్నం పెట్టమనింది.
నేనెవురో తెలీక.
పెట్టినా.
అప్పుట్నించీ నా కాడే ఉండాది."

వేడినీళ్లలో తెల్లటి వల మెత్తబడింది.
మునిరత్నమ్మ ముఖం మీద పరిచి నొక్కాను,
ముక్కు, గడ్డం, రెప్పల గుంతలు.
ఆరేదాకా కదలొద్దన్నాను.
వల కిందనుంచి గొంతు:
"అచ్చులో పోసేటప్పుడు
చెయ్యి వణక్కూడదబ్బాయ్."

నేను ఆమెకి ప్రతిసారీ కొత్త.
మూడోసారి మాత్రం
పొయ్యిలోకి పిప్పి ఎగదోసే కుర్రాణ్ణయ్యాను.
"మంట తగ్గించు. ఇంక రవ్వ అయితే మాడిపోతాది.
రవ్వ తక్కువైతే ముద్ద కట్టదు.
చన్నీళ్లలో చుక్క ఎయ్యి, వేళ్ల మధ్య నలుపు.
అదే చెప్తాది."

బరువైన తలుపు మూసి బయటికొచ్చాను.
పదకొండేళ్లుగా ఈ మీట నొక్కుతున్నాను,
కిరణాన్ని చంపి రమ్మనే పంపుతున్నాను,
ఎంత కచ్చితంగా చంపితే అంత మంచి ఉద్యోగం.
ఇవాళ పంపుతున్నది వేరే పనికి.
మెదడులో చెత్త ఊడ్చేవాళ్లు విసిగిపోయి
చీపుర్లు తిరగేసి పట్టుకున్నారట,
ఇంటినే బాదుతున్నారట.
వెళ్లి భుజం తట్టు.
కొట్టకు. తట్టు.
ఇదీ ఒక ఊహేనని కాగితంలో ఉంది,
చిన్న అక్షరాల్లో.

తెర మీద ఆమె పాదాలు కనిపిస్తున్నాయి,
కుడి మడమ మీద పాత పాకం చిందిన మచ్చ.
ఏ చుక్కని ఏ నీళ్లలో వేసి చూడాలి నేను?
ఏ వేళ్ల మధ్య?

ఆఖరి రోజు సుగుణమ్మ
తువ్వాలు మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.
"ఒక మాట సార్. ఇది పనిచేస్తే
అన్నీ గెవనానికొస్తాయా?
ఏరుకునేదానికి ఉండదా?
చింతకాయ తొక్కు, వాళ్లమ్మ పేరు, ఇట్టాంటివి రానిచ్చి
ఆ మోటారు ఒగటీ…"

ఉండదమ్మా, అన్నాను.
అసలు వస్తాయని కూడా నేను…

"సరేలే," అంది.
కాసేపు గోడ మీది పసుపు రంగు హెచ్చరిక గుర్తుని
పువ్వేమో అన్నట్టు చూసింది.
"రానీ.
గెవనం వచ్చి, నన్ను చూసి,
తిట్టుకుంటా లేసి పోనీ.
అన్నం తినేసి పొమ్మంటా."

వల విప్పాను.
మునిరత్నమ్మ బుగ్గల మీద గళ్లు గళ్లుగా అచ్చు.
ఆ తెల్లటి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది,
ఎవరిదని అడగలేదు.
నుదుటి దగ్గర వేలి ముడితో తట్టి
చెవి పెట్టి వింది.

"పచ్చిగా ఉండాది.
ఇంగొక పొద్దు ఉండనీ."